చేదెక్కిన ఆవ

మొన్న ఆదివారం మా అమ్మాయి శైలజ హిజ్లీ క్యాంపస్ నుంచి స్కూటీ మీద వచ్చి, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని మా ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ చేసింది. నా రక్తంలో చక్కెర ఎక్కువైందని రిపోర్టు వచ్చిన మూడో రోజది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఆ కాగితం మీద అంకె చూసి భయపడలేదు. దాన్ని చూడగానే మా అమ్మాయి మొహంలో వచ్చిన కళ చూసి భయపడ్డాను. ఏడాది కిందట అది అన్నం మానేసింది. అన్నం మానేసినవాళ్ళు ఊరికే ఉండలేరు, ఎదుటివాళ్ళ పళ్ళెంలోకి తొంగిచూస్తూనే ఉంటారు. క్యాంపస్‌లో దాని స్నేహితురాళ్ళంతా ఈ మతంలోనే చేరారు. పొద్దున లేస్తే కార్బ్స్, పడుకోబోతూ కార్బ్స్. మా చిన్నప్పుడు దయ్యాల గురించి కూడా ఇంత భయభక్తులతో మాట్లాడుకోలేదు.

ఆ రోజు వంట తనే చేస్తానంది. కాలీఫ్లవర్‌ను కొబ్బరిలా తురిమి, ఆవిరి మీద ఉడికించి, నా పళ్ళెంలో కుప్పగా పోసి "ఇదేనమ్మా అన్నం" అంది. "ఇది గోబీ" అన్నాను. "గోబీ రైస్ అంటారమ్మా" అంది. రైస్ అని తోక తగిలిస్తే గోబీ అన్నమైపోతుందా? ఈ ఊళ్ళో బియ్యం దొరకని రోజులు నేను చూశాను. మా వీధిలో గోధుమరవ్వ తిన్నారు, ఆటా రొట్టెలు తిన్నారు, తినలేక తిట్టుకున్నారు. అన్నం కానిదాన్ని అన్నం అని పిలిచి తమను తాము మోసం చేసుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అంతటి తెలివికి హిజ్లీలో పెద్ద చదువులు చదవాలి కాబోలు.

తర్వాత మూడు గాజు సీసాలు బల్ల మీద వరసగా పెట్టింది. మూతల మీద కాగితాలు అంటించి పేర్లు కూడా రాసింది. "బజారు సాసుల నిండా పంచదారేనమ్మా. ఇయన్నీ నానే ఇంట్లో సేసినాను. పది నిమిషాల పని" అంది. ఇంట్లో పచ్చడి చేసుకోవడాన్ని తామే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండింది. మా రోజుల్లో ఒక ఇంట్లోకి బజారు పచ్చడి వచ్చిందంటే ఆ ఇంటావిడకు జ్వరమొచ్చిందని అర్థం. మొదటి సీసాలో టమాటా సాసు. రుచి చూస్తే వెనిగర్ పోసిన చారు పిప్పి. రెండో దానిలో గుడ్డూ నూనె గిలక్కొట్టిన మయొనైజ్. చూడటానికి గోడకు వేసే సున్నంలా ఉంది. సున్నం ఎప్పుడూ తినలేదు కాబట్టి రుచి సంగతి చెప్పలేను.

మూడో సీసా మూత తీస్తూ శైలజ గొంతు కొంచెం తగ్గించింది. "ఇది నీ కోసమే సేసినాను. నీకు ఆవంటే ఇష్టం కదా." పచ్చగా, నున్నగా ఉంది. వేలికొసతో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. చేదు. ఘాటన్నది లేదు, ముక్కుకేమీ ఎక్కలేదు, ఉత్త చేదు నాలిక చివర మొదలై గొంతు దాకా పాకింది. మామూలుగా అయితే ఆ సీసా గురించీ, దాన్ని చేసిన చేతుల గురించీ ఒక అరగంట మాట్లాడేదాన్ని. నోరు తెరిచాను కూడా. కానీ ఈ చేదు నేనెరిగినదే. నా పదమూడో ఏట నెలల తరబడి మా ఇంట్లో తిన్న చేదు ఇది.

మా అమ్మ చేసే ఆవ గురించి ముందు చెప్పాలి. మా శ్రీకాకుళం వైపు ఆవ అంటే ఆవాలు నూరిన ముద్ద, పనసపొట్టు కూరకో అరటికాయ కూరకో చివర్లో పెట్టేది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లోకి కాపురానికి వచ్చాక అమ్మ దాన్ని అక్కడితో వదల్లేదు. పక్క క్వార్టర్లో ఒక బెంగాలీ ఆవిడ ఉండేది, మేమంతా బౌదీ, అంటే వదినా, అని పిలిచేవాళ్ళం. ఆవిడ ఆవాలు నూరి కాసుంది అనే పచ్చడి పెట్టేది. అమ్మ ఆవిడ పద్ధతినీ తన పద్ధతినీ కలిపేసి, మామిడికాయల రోజుల్లో మామిడికాయతో, తక్కిన రోజుల్లో చింతపండుతో ఒక పచ్చడి తయారుచేసింది. దానికి పేరు పెట్టే తీరిక ఆవిడకు లేదు. మేం ఆవ అనే అనేవాళ్ళం. బౌదీ నేర్పిన మొదటి పాఠం ఒకటే. "నూన్ ఛాడా షొర్షే బాట్‌బే నా, తేతో హొయే జాబే." ఉప్పు లేకుండా ఆవాలు నూరకు, చేదెక్కిపోతాయి అని. ఉప్పూ పచ్చిమిరపకాయలూ ముందు రాతి మీద పడాలి, చన్నీళ్ళు మాత్రమే చిలకరించాలి. అమ్మ సన్నికల్లు ముందు కూర్చుంటే ఉప్పు డబ్బా అందించడం నా పని. ఒకసారి నేను ఆటల్లో పడి ఆలస్యం చేస్తే, నూరడం ఆపేసి చేతులు అలాగే పెట్టుకుని కూర్చుంది. "ఒలే గుంటా, ఉప్పు తెస్తావా, సేదు తింటావా?" అని అక్కడి నుంచే అరిచింది.

నాన్న కార్ఖానాలో ఫిట్టరు. మధ్యాహ్నం సైరన్ మోగిన కాసేపటికి మా వీధి నిండా సైకిళ్ళు వచ్చేవి. సైకిలు గోడకు ఆనించి, చేతుల గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆపైన బట్టల సబ్బుతో రుద్దుకుని పీట మీద కూర్చునేవాడు. ఎంత రుద్దినా ఆ చేతుల దగ్గర ఇనుము వాసన పోయేది కాదు. వేడన్నం మధ్యలో గుంట చేసి, ఆవ వేసుకుని, పైన పచ్చి ఆవనూనె ఒక చుక్క పోసుకునేవాడు. మొదటి ముద్దకే ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అరచేత్తో నడినెత్తి మీద కొట్టుకుని "అబ్బ, అదీ" అనేవాడు. ఆ ఒక్క ఆవతోనే రెండుసార్లు అన్నం వడ్డించాలి. తర్వాత పప్పుతో ఒకసారి, చేపల పులుసుతో ఒకసారి. శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలు ఆవనూనె వాసనకు ముక్కులు మూసుకుని, ఆ ముక్కుల్తోనే రెండో రోజుకు ఆవ ఇంకొంచెం వెయ్యమనేవాళ్ళు.

అమ్మకు ఇంకో గౌరవం ఉండేది. శ్రీరామనవమికి తెలుగువాళ్ళంతా మైదానంలో షామియానా వేసి భోజనాలు పెట్టేవాళ్ళు. వంటంతా మగవాళ్ళదే. కానీ పనసపొట్టు కూర కళాయి పొయ్యి మీంచి దించాక, ఆవ పెట్టడానికి మా అమ్మ రావాలి. తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, తన సన్నికల్లు మోయించుకుని వెళ్ళేది. ఆవిడ ఆవ కలిపి చేతులు కడుక్కునేదాకా పంక్తి కూర్చునేది కాదు. ఆవిడకు చదువు లేదు, చెప్పుకోదగ్గ నగ లేదు. ఉన్నదల్లా ఆ చేతి పేరు. మా వీధి ఆడవాళ్ళు దాన్ని "ఆవ సెయ్యి" అనేవాళ్ళు, కొందరు అసూయతోనే.

ఆ ఏడు నాన్న మడమ మీద బూటు రాసుకుని చిన్న పొక్కు లేచింది. నెల దాటినా మానలేదు, పుండైంది. రైల్వే ఆస్పత్రిలో డాక్టరు చక్కెర జబ్బని తేల్చి "భాత్ బంద్" అన్నాడు. రొట్టె తిను, కూర తిను, చేప తిను, అన్నం మాత్రం ముట్టకు అని. నాన్న ముందు బయటకు నడిచాక అమ్మను ఆపి, ఇలాగే తింటే కాలు తీసెయ్యాల్సి వస్తుందని కూడా చెప్పాడు. ఆరు నెలల్లో నాన్నకు మెడికల్ పరీక్ష ఉంది. అప్పటికి పుండు మానకపోతే కార్ఖానాలో నిలబడి చేసే పనికి పనికిరాడని రాస్తారు. ఆ రాత పడిన మా వీధాయన ఒకడు కార్ఖానా గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, తను ఒకప్పుడు ఎంత పెద్ద చక్రాలు బిగించాడో వచ్చేపోయేవాళ్ళకు చెబుతుండేవాడు. నాన్న ఆ దారిన వెళ్ళాల్సి వస్తే సైకిలు ఇంకో వీధికి తిప్పేసేవాడు.

మరి అంత భయమున్నవాడు అన్నం మానేశాడా? లేదు. మా నాన్నంత వీరుణ్ణి నేను చూడలేదు. డాక్టరుతో "ఠీక్ హై సాబ్" అని వచ్చి, ఇంట్లో పీట మీద కూర్చుని "బెంగాలీ డాక్టరుకి మన బువ్వ సంగతి ఏటి తెలుసు?" అన్నాడు. ఆ డాక్టరు రోజూ రెండు పూటలా అన్నమే తింటాడన్న ఆలోచన ఆయనకు రాలేదు. అమ్మ రొట్టెలు చేసింది. వాటిని బూటు అట్టలన్నాడు. అయినా రెండు తినేవాడు, తిని "ఇప్పుడు బువ్వ ఎయ్యి" అనేవాడు. అంటే జబ్బు రాకముందు కంటే ఇప్పుడు రెండు రొట్టెలు ఎక్కువ. అన్నం గిన్నె దాచిపెడితే కోపం, తక్కువ వండితే పస్తున్నట్టు మొహం. ఒకరోజు అమ్మ ఏడ్చి చెప్పింది. ఆయన ఆవ వేసుకుంటూ విన్నాడు, నెత్తిన అరచేత్తో కొట్టుకుని మళ్ళీ అన్నం అడిగాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవ చేదెక్కింది. నాన్న మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు. "ఏటిది?" అన్నాడు. అమ్మ తనూ కొంచెం నోట్లో వేసుకుని చూసి, "ఆవాలు బాగోలేవు. ఖరిదా కొట్టోడు పాతయి అంటగట్టినాడు" అంది. సాయంత్రం నాన్న ఖరిదా బజారుకు వెళ్ళి ఆ కొట్టువాడితో వీధంతా వినేలా పోట్లాడి కొత్త ఆవాలు తెచ్చాడు. అవీ చేదే. "రాయి అరిగిపోయినాది" అంది అమ్మ. గంట్లు కొట్టేవాడు వీధిలోకి వస్తే నాన్న దగ్గరుండి సన్నికల్లుకి గంట్లు పెట్టించాడు. మర్నాడూ చేదే. ఘాటు లేదు, నెత్తి మీద కొట్టుకునే పని లేదు. రెండు ముద్దలకే పళ్ళెం పక్కకు జరిపేవాడు. పప్పు నీళ్ళలా వచ్చేది, పులుసు చప్పబడిపోయింది. వేయించిన చేపముక్కలూ, తోటకూర వేపుడూ, కోడిగుడ్లూ తిని, నాన్న మళ్ళీ అన్నం అడక్కుండానే లేచిపోయేవాడు. అవి మాత్రం బాగుండేవి. చివరకు ఒకరోజు తేల్చేశాడు. "ఆవాలు కాదు, రాయి కాదు. నీ సెయ్యి పోయినాది." కార్ఖానాలో తోటివాళ్ళకు కూడా చెప్పుకున్నాడు. మగవాళ్ళు చెప్పుకున్నది సాయంత్రానికల్లా ఇళ్ళకు చేరింది.

నేను ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు. పదమూడేళ్ళ పిల్లకు ఉండే పొగరంతా నాకుండేది. బడి నుంచి తిన్నగా బౌదీ ఇంటికి వెళ్ళి, వాళ్ళ కాసుందితో అన్నం తిని, మూతి తుడుచుకుని ఇంటికి వచ్చేదాన్ని. "బౌదీ, మా అమ్మ వంట మరిచిపోయింది. మాక్కూడా మీరే వండండి" అన్నానొకసారి. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. నా పళ్ళెంలో ఇంకొంచెం కాసుంది వేసి లోపలికి వెళ్ళిపోయింది.

శ్రీరామనవమి వచ్చింది. అప్పలనరసమ్మ పిన్ని, మా వీధి ఆడవాళ్ళకు నాయకురాలు, ఇంకో ఇద్దరిని వెంటేసుకుని అమ్మను పిలవడానికి వచ్చింది. అమ్మ వంటింట్లో ఉంది, గుమ్మంలో నేనున్నాను. "మీ అమ్మని బేగి తానం సేసి రమ్మను" అంది పిన్ని. నేను అమ్మను పిలవలేదు. లోపలికి వినబడేలానే అన్నాను. "మా అమ్మ ఆవ పెడితే సేదెక్కిపోతంది పిన్నీ. ఇంకెవర్నైనా పిలుసుకోండి. ఊరందరి ముందు మాకు సిగ్గు." పిన్ని ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు పక్కవాళ్ళ వైపు చూసింది. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను. "గుంట సెప్పింది నిజమే సెల్లీ. నా సెయ్యి బాగోలేదు. ఈసారికి నువ్వే పెట్టీ" అంది. ఆ పూట పంక్తిలో అమ్మ అందరితో పాటు కూర్చుని, పిన్ని పెట్టిన ఆవతో కూర తింది. ఆ తర్వాత ఏ ఏడూ అమ్మను పిలవలేదు. నాకు కొంచెం కూడా బాధ కలగలేదు. పైగా నిజం మాట్లాడానని గర్వపడ్డాను.

ఎండాకాలం దాటేసరికి నాన్న పుండు మానింది. మెడికల్‌లో నెగ్గాడు. రిటైరయ్యే దాకా తన రెండు కాళ్ళ మీద నిలబడే పని చేశాడు. ఇక దాని మీద ఆయన చేసిన ప్రసంగాలు వినాలి. షుగరొచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి, "నాను బువ్వ ఒగ్గేసినాను. మనసు గట్టిగా ఉండాల, అంతే" అనేవాడు. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటూ వినేది. ఇవాళ శైలజ స్నేహితురాళ్ళు మాట్లాడే మాటలన్నీ మా నాన్న అప్పుడే మాట్లాడేశాడు, కార్బ్స్ అన్న మాట ఒక్కటే తెలియదు. ఆయన పోయిన మరుసటి ఏడు, అమ్మ ఒకరోజు తన కోసం కాస్త ఆవ నూరుకుంది. నేను చూడటానికి వెళ్ళి అడిగి తిన్నాను. ముక్కుకెక్కి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. "పోయిన సెయ్యి ముసలితనంలో తిరిగొచ్చినాదే" అని ఎగతాళి చేశాను. "ఆవాలు మంచివి దొరికినాయి" అంది అమ్మ. అంతే. నేను నమ్మాను.

శైలజ నా మొహమే చూస్తోంది. నేను ఆ చేదు మింగి, "ఇందులో ఏటేసినావు?" అని అడిగాను.

"ఏటీ నేదమ్మా. ఆవాలు, వెనిగర్. మిక్సీలో బాగా నలగాలని ఏడినీళ్ళు పోసినాను."

"ఉప్పు?"

"నీకు బీపీ కదా, ఎయ్యలేదు. పచ్చిమిరపకాయలు కూడా ఎయ్యలేదు, నీకు కడుపులో మంటొస్తాది."

ఉప్పు లేదు, పచ్చిమిరప లేదు, వేడినీళ్ళు. నేను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. ఆ నెలల్లో అమ్మ నన్ను ఉప్పు డబ్బా అడగలేదు. ఒక్కసారి కూడా. బొగ్గుల పొయ్యి మీంచి దించిన చెంబు సన్నికల్లు పక్కన పొగలు కక్కుతూ ఉండటం నేను నా కళ్ళతో చూశాను. ఉప్పు డబ్బా గూట్లోంచి కదలకపోవడం చూశాను. కాళ్ళు కడుక్కోవడానికి వేడినీళ్ళు పెట్టుకుందనుకున్నానో, అసలేమీ అనుకోలేదో. అన్నంలో కలుపుకునేవన్నీ పాడైపోయి, విడిగా తినేవన్నీ బాగుండటం కూడా చూశాను. ఇన్నేళ్ళు పిల్లల నెత్తిన లెక్కలు రుద్దినదాన్ని, ఈ లెక్క వెయ్యలేదు. బౌదీకి తెలుసు. అందుకే నవ్వలేదు. శ్రీరామనవమికి అమ్మ వెళ్ళి ఎప్పటిలా ఆవ పెట్టి ఉంటే, పంక్తిలో మొదటి ముద్దకే నాన్నకు దొరికిపోయేది. అందుకని గుమ్మంలో తన కూతురు తన పేరు తీసేస్తుంటే వచ్చి, నిజమేనంది. ఆ కాలు నిలబెట్టిన మనిషిని ఊరంతా చెయ్యి పోయిందంది, ఆ కాలు మీద నిలబడినవాడు తన మనోబలం అన్నాడు, నేను సిగ్గన్నాను. అమ్మ చిక్కుళ్ళు ఒలుచుకుంది.

అన్నం మానడం గురించి ఇవాళ్టి వాళ్ళను చూసి వెక్కిరించడం నాకు సులువు. సీసాల మీద పేర్లు రాసుకుంటారు, ఫోటోలు పెట్టుకుంటారు, పదిమందీ మెచ్చుకోవాలి. అమ్మ తన పనికి పేరు పెట్టుకోకపోగా ఉన్న పేరు కూడా వదిలేసుకుంది. కానీ వెక్కిరించే హక్కు మిగతావాళ్ళకుంటే ఉండొచ్చు, నాకు లేదు. ఆ తల్లి ఇప్పుడు లేదు. నేనన్న మాట వెనక్కి తీసుకోవడానికి వెళ్ళే గుమ్మం లేదు.

"సేదుగా ఉన్నాదా?" అంది శైలజ. నేను తిట్టకుండా ఉండటం దాన్ని కంగారు పెట్టింది. తనూ వేలితో తీసి నాకి, మొహం చిట్లించి సీసా మూత పెట్టబోయింది. "ఛీ, ఏటిలగైపోయినాది. పారేస్తానుండు. నాకీ పనులు రావమ్మా, నా సెయ్యి మంచిది కాదు."

చిటికెడు ఉప్పు, రెండు పచ్చిమిరపకాయలు, చన్నీళ్ళు అని చెప్పడం నాకు ఎంతసేపు? ఎప్పుడో చెబుతాను. దాని చేతిలోంచి సీసా తీసుకుని పళ్ళెం పక్కన పెట్టుకున్నాను.

"పారెయ్యకు" అన్నాను. "నీ సేతికేటీ అవలేదు. నీ సెయ్యి మంచిదే."

అది నా వైపు వింతగా చూసింది. "ఏటమ్మా, నిజంగానే బాగున్నాదా?"

బాగోలేదన్నాను. ఇంకో చెంచా వెయ్యమన్నాను.